ముట్లుడిగిన స్త్రీలు – ఎముకల పుష్టి – విటమిన్ ‘డి’

తెల్లవారుజామున వాకిట కల్లాపి చల్లి, తడిసిన బండపై కాలు జారి 65 ఏండ్ల గృహిణి యొకతె కూలబడును. ఆమె ఎత్తునుండి పడలేదు. మీద బరువేమియు పడలేదు. నిలుచున్న చోటనే పడినది. అయినను లేవలేకపోవును. తుంటియెముక విరిగినది. నిన్నటివరకు ఇంటెడు చాకిరి చేసిన ఇల్లాలు నేటినుండి మంచము పట్టును. చుట్టపక్కాలు వచ్చి, “వయస్సు మీద పడినది, ఏమి చేయగలము?” అని నిట్టూర్చి పోవుదురు. ఇట్టి సంగతి వినని ఊరు లేదు.

ఆమె ఎముక విరిగినది ఆనాటి ఉదయమే యైనను, అది పెళుసుబారుట 15, 20 ఏండ్లకు ముందే ఆరంభమైనది. ఆ కాలమంతయు నొప్పి లేదు, వాపు లేదు, ఏ సూచనయు లేదు. తుంటి విరిగిన వృద్ధులలో సుమారు అయిదింట ఒకవంతు మంది ఏడాది తిరుగకుండ మరణించుచున్నారు. బ్రదికినవారిలో పెక్కుమంది మునుపటివలె ఒకరి ఆసరా లేక నడువజాలరు. కావున ఎముకలను గూర్చిన శ్రద్ధ విరిగిన పిమ్మట కాక, ముట్లుడుగు కాలముననే వహింపవలసి యున్నది. ఈ శ్రద్ధలో విటమిన్ ‘డి’కి గల స్థానమేమి, అది ఎవరికి ఎంత అవసరము, ఎంత మించిన అపాయము అను విషయములు ఇందు వివరింపబడినవి.

ఎముక జీవముగల ధాతువు

ఎముక యనగా రాతివలె మార్పులేనిదని సామాన్యముగా తలంతురు. అది సరికాదు. ఎముకయందు రెండు తెగల కణములు అహోరాత్రములు పనిచేయుచుండును. ఒక తెగ పాత యెముకను కరగించును. రెండవ తెగ ఆ ఖాళీలో క్రొత్త యెముకను కట్టును. పాత గోడను విప్పు కూలీలు, క్రొత్త గోడను కట్టు తాపీవారు ఒకే యింటిలో పనిచేయుచున్నట్లు ఇది జరుగును. కట్టుటకు వలయు ముఖ్య పదార్థములు మాంసకృత్తులు, కాల్షియము, భాస్వరము. దేహములోని కాల్షియములో నూటికి 99 పాళ్లు ఎముకలయందును, దంతములయందును నిలువయుండును. తక్కిన ఒక్కపాలు రక్తమునందును, కండరములందును ఉండి గుండె కొట్టుకొనుటకు, కండరములు ముడుచుకొనుటకు, నరములు పనిచేయుటకు తోడ్పడును.

బాల్యమునందును యౌవనమునందును కట్టుడు పని మిక్కుటము. సుమారు 30 ఏండ్ల వయస్సునకు ఎముకల సాంద్రత శిఖరము నందుకొనును. అప్పటికి కూడబెట్టిన నిలువయే తరువాతి జీవితమునకు మూలధనము. అటు పిమ్మట విప్పుట, కట్టుట కొంతకాలము సరిసమానముగ సాగి, క్రమముగ విప్పుడు పనియే పైచేయి యగును.

ముట్లుడిగిన పిమ్మట కలుగు మార్పు

స్త్రీ దేహమున అండాశయములనుండి పుట్టు ఈస్ట్రోజెన్ అను హార్మోను, ఎముకను కరగించు కణములకు కళ్లెము వంటిది. ముట్లుడిగినప్పుడు ఈ హార్మోను చాలవరకు తగ్గిపోవును, కళ్లెము సడలును. ముట్లుడిగిన తరువాతి మొదటి 5 మొదలు 7 ఏండ్లలో కొందరు స్త్రీలు తమ యెముకల సాంద్రతలో నూటికి 20 పాళ్లవరకు పోగొట్టుకొందురు. ఎముక లోపలి భాగము తేనెపట్టువలె గదులు గదులుగ ఉండును. ఆ గదుల గోడలు పలుచబడి, కొన్ని తెగిపోయి, ఎముక గుల్లబారును. దీనినే వైద్యులు ఆస్టియోపొరోసిస్ అందురు.

ఇట్లు గుల్లబారిన యెముకలు మూడుచోట్ల తరచుగ విరుగును. మొదటిది మణికట్టు; పడబోవుచు చేయి ఆనించినప్పుడు విరుగును. రెండవది వెన్నుపూస, బిందె యెత్తినప్పుడో, వంగినప్పుడో, ఒక్కొక్కప్పుడు ఏ కారణమును లేకయో నలిగి కూలిపోవును. ముసలితనమున నడుము వంగిపోవుటకును, ఎత్తు తగ్గుటకును ఇది ముఖ్యకారణములలో నొకటి. మూడవది తుంటి, అన్నిటికంటె ప్రమాదకరమైనది.

భారతదేశమున స్త్రీలకు సగటున 46, 47 ఏండ్ల ప్రాయముననే ముట్లుడుగుచున్నవి. పాశ్చాత్య దేశములలో ఇది 51 ఏండ్ల ప్రాంతమున జరుగును. అనగా ఇచ్చటి స్త్రీల యెముకలకు ఈస్ట్రోజెన్ రక్షణ నాలుగైదేండ్లు ముందుగనే తొలగుచున్నది. శస్త్రచికిత్సవలన గర్భాశయముతోబాటు అండాశయములను గూడ తీసివేసినచో, ఆ రక్షణ ఒక్కనాటితోనే పోవును. 2015–16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో గర్భాశయము తొలగింపబడినవారు దేశమంతటిమీద నూటికి సుమారు 3 గురు కాగా, ఆంధ్రప్రదేశ్‌లో ఇంచుమించు 9 మంది, తెలంగాణలో ఇంచుమించు 8 మంది. కావున తెలుగునాట ఈ విషయము వృద్ధురాండ్రకు మాత్రమే సంబంధించినది కాదు. 35, 40 ఏండ్లకే ఇట్టి చికిత్స పొందిన స్త్రీ తన యెముకలను గూర్చి వెంటనే వైద్యుని సంప్రదింపవలెను.

విటమిన్ ‘డి’ చేయు పని

తిన్న ఆహారములోని కాల్షియము ప్రేగులనుండి రక్తములోనికి చేరవలెనన్నచో విటమిన్ ‘డి’ సాయము కావలెను. ఇది వాకిలి తెరచు ద్వారపాలకుని వంటిది. ద్వారపాలకుడు లేనిచో సరుకు గుమ్మమువరకు వచ్చి తిరిగిపోవును. అప్పుడు రక్తములో కాల్షియము తగ్గును. అది తగ్గినచో గుండెకు, నరములకు ముప్పు గనుక, కంఠమునందలి పారాథైరాయిడ్ గ్రంథులు మేల్కొని, ఎముకలలోని నిలువనుండి కాల్షియమును రక్తములోనికి లాగును. నాటి అక్కర తీరును గాని, ఎముక నష్టపడును. దినదినము ఇట్లు జరిగినచో ముట్లుడిగినందువలన కలుగు నష్టమునకు ఈ నష్టము తోడగును.

విటమిన్ ‘డి’ లోపము తీవ్రమైనచో మరియొక కీడు కలదు. క్రొత్తగ కట్టిన యెముకలో ఖనిజము చాలక అది మెత్తబడును. పిల్లలలో దీనిని రికెట్స్ అనియు, పెద్దలలో ఆస్టియోమలేషియా యనియు అందురు. గుల్లబారుట వేరు, మెత్తబడుట వేరు. రెండును ఒకే స్త్రీయందు కలిసియుండవచ్చును.

ఈ విటమిన్ చరిత్ర నూరేండ్ల నాటిది. 1919వ సంవత్సరమున ఇంగ్లండులో ఎడ్వర్డు మెలాన్బీ అను శాస్త్రజ్ఞుడు కుక్కపిల్లలకు కొన్ని ఆహారములు మాత్రమే యిచ్చి రికెట్స్ కలుగజేసి, కాడ్ చేప కాలేయపు నూనెతో దానిని నివారించి చూపెను. అదే సంవత్సరమున జర్మనీలో హుల్ద్‌షిన్‌స్కీ అను వైద్యుడు అతినీల లోహిత కిరణముల దీపపు వెలుగుతో పిల్లల రికెట్స్‌ను నయము చేసెను. నూనెయు, వెలుగును ఒకే రోగమును కుదుర్చుట ఆనాడు వింతగా తోచినది. 1922లో అమెరికాలో మెకాలం అను శాస్త్రజ్ఞుడు చేపనూనెలోని ఈ పదార్థమునకు ‘డి’ యని పేరిడెను. తరువాతి పరిశోధనలవలన, చర్మములోని ఒక కొవ్వు పదార్థము ఎండ తగులగానే విటమిన్ ‘డి’గా మారునని తేలినది. అట్లు పుట్టినది కాలేయమునకు పోయి ఒక మార్పును, మూత్రపిండములకు పోయి మరియొక మార్పును పొంది, పనికివచ్చు రూపమును దాల్చును. అందువలననే కాలేయ వ్యాధులు, మూత్రపిండ వ్యాధులు గలవారి యెముకలు త్వరగ చెడును.

ఎండలు కాయు దేశమున ఈ లోపమేల?

“ఇంత యెండలో మనకు విటమిన్ ‘డి’ కొఱత యేమిటి?” అని పలువురు ఆశ్చర్యపడుదురు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థయందు ముట్లుడిగిన స్త్రీలను పరీక్షించి 2005లో ప్రకటించిన ఫలితములలో, నూటికి 80 మందికి పైగా విటమిన్ ‘డి’ చాలినంత లేనివారే. ఏడాది పొడవున సూర్యుడు ప్రకాశించు ఊరిలోనే ఇట్లున్నది. దీనికి కారణములు పెక్కు కలవు.

ఆకాశమున ఎండ యుండుట వేరు, అది చర్మమునకు సోకుట వేరు. స్త్రీలు వంటయింటను, పట్టణములలో అంతస్తుల గృహములందును, కార్యాలయములందును పగలంతయు గడుపుచున్నారు. వస్త్రములు దేహమును చాలవరకు కప్పును. చామనచాయ, నలుపు చర్మము సహజముగ కిరణములను అడ్డుకొనును. తెల్లని చర్మమునకు చాలు సమయముకంటె ఎక్కువ సమయము దానికి కావలెను. పట్టణములలో పొగ, ధూళి కిరణములను వడగట్టును. వయస్సు మీరినకొలది చర్మమునకు విటమిన్‌ను తయారుచేయు శక్తి సన్నగిల్లును. 70 ఏండ్ల చర్మము యువతి చర్మముతో పోల్చిన నాలుగవవంతు మాత్రమే తయారుచేయగలదు. వీటికి తోడు, పాలు, పెరుగు తక్కువగాను, వరియన్నము ఎక్కువగాను గల భోజనమున కాల్షియము కొఱవడును. కాల్షియము కొఱవడిన దేహమున విటమిన్ ‘డి’ త్వరగ ఖర్చయిపోవును.

లోపమును గుర్తించుట

ఎముక గుల్లబారుటకు బాహ్యలక్షణములు దాదాపు లేవు. మెత్తబడినప్పుడు మాత్రము నడుము, తుంటి, తొడలు, ప్రక్కటెముకలు లాగుచున్నట్లు నొచ్చును. క్రింద కూర్చున్నవారు చేతులు ఆన్చక లేవజాలరు, మెట్లెక్కుట కష్టమగును, నడక ఊగిసలాడును. ఇవి కేవలము వాతపు నొప్పులని యెంచి తైలములతో కాలక్షేపము చేయరాదు.

రక్తపరీక్షలో విటమిన్ ‘డి’ మిల్లీలీటరునకు 20 నానోగ్రాములకు పైబడియున్నచో సామాన్యముగ ఎముకలకు చాలును. 12కు తక్కువైనచో లోపము నిశ్చయము. ఆరోగ్యవంతులందఱు ఈ పరీక్ష చేయించుకొన నవసరము లేదు. నొప్పులున్నవారు, ఎముక విరిగినవారు, మూర్ఛవ్యాధికి మందులు వాడువారు, కాలేయ, మూత్రపిండ, ప్రేగు వ్యాధులున్నవారు వైద్యుని సలహాపై చేయించుకొనవలెను. ఎముకల సాంద్రతను కొలుచుటకు డెక్సా యను పరీక్ష కలదు. 65 ఏండ్లు నిండిన స్త్రీలకును, అంతకు ముందే ముట్లుడిగి బక్కపలుచగ ఉన్నవారికిని, స్టెరాయిడు మందులు దీర్ఘకాలము వాడినవారికిని, తల్లికో తండ్రికో తుంటి విరిగినవారికిని ఇది ఉపయోగకరము.

ఫ్లోరైడు అధికముగ గల నీరు త్రాగు ప్రాంతములవారు మరియొక విషయము గమనింపవలెను. అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధి 1937లోనే వైద్యుల దృష్టికి వచ్చినది. నల్లగొండ జిల్లా అనుభవము అందఱెరిగినదే. అచ్చటి నడుము నొప్పులు, కీళ్ల బిగువు ఫ్లోరోసిస్ వలన గూడ కావచ్చును. అట్టిచోట మాత్రలకంటె ముందు త్రాగునీటిని మార్చుట ముఖ్యము.

ఎండను వినియోగించుకొనుట

ఉదయపు లేత యెండయే మేలని వాడుక కలదు. అది దేహమునకు హాయి యైనను, విటమిన్ ‘డి’ని పుట్టించు కిరణములు అందు మిక్కిలి తక్కువ. సూర్యుడు ఏటవాలుగ నున్నప్పుడు ఆ కిరణములు వాతావరణములోనే ఇంకిపోవును. పగలు 11 గంటలనుండి 2 గంటలవరకు అవి సమృద్ధిగ నేలకు చేరును. దీనికొక సులభమైన గుర్తు కలదు. మనిషి నీడ మనిషికంటె పొట్టిగ ఉన్నప్పుడు ఎండ ఫలించును. నీడ పొడవైనప్పుడు ఫలింపదు.

వారమునకు నాలుగైదు దినములు, ముఖము, ముంజేతులు, పాదములు, వీలైనచో వీపు పైభాగము ఎండ సోకునట్లు సుమారు అరగంటసేపు ఆరుబయట నుండుట చామనచాయవారికి తగినది. అద్దపు కిటికీ వెనుక కూర్చున్నచో వెలుగు వచ్చునుగాని ఈ కిరణములు రావు. డాబాపై వడియములు పెట్టుట, ఒడియాలు త్రిప్పుట, ధాన్యము ఎండబోయుట, పెరటిలో మొక్కలకు పాదులు చేయుట ఈ అరగంటకు తగిన పనులు.

అయితే రోళ్లు పగులు రోహిణి కార్తెలో నడి మధ్యాహ్నము బయట నిలుచుట వడదెబ్బకు దారితీయును. వేసవిలో నీడ తగినంత పొట్టియైన వెంటనే, 9 గంటలు దాటిన పిమ్మట, 10 గంటల లోపుగ కొద్దిసేపు చాలును. చర్మము చుఱ్ఱుమను వఱకు ఉండరాదు. గుండెజబ్బు గలవారు, మిక్కిలి వృద్ధులు, చర్మవ్యాధులవారు, ఎండ సరిపడని మందులు వాడువారు ఎండపై ఆధారపడక వైద్యుని సలహా పొందవలెను.

ఆహారము

విటమిన్ ‘డి’ ఆహారమున స్వల్పముగనే లభించును. కొవ్వుగల సముద్రపు చేపలలో అధికము. ఒక గ్రుడ్డు పచ్చసొనలో సుమారు 40 యూనిట్లు. పుట్టగొడుగులను కోసి ఎండలో కొంతసేపు ఉంచినచో వాటిలో ఈ విటమిన్ పుట్టును. మామూలు పాలలో నామమాత్రము. నేడు విటమిన్లు చేర్చిన పాలు, వంటనూనెలు దొరకుచున్నవి. వాటి పొట్లముపై నీలిరంగు ‘ప్లస్ ఎఫ్’ గుర్తు ఉండును. అట్టి పాలలో లీటరునకు 200 మొదలు 300 యూనిట్ల విటమిన్ ‘డి’ కలుపవలెనని నిబంధన. భారత వైద్య పరిశోధన మండలి 2020లో పెద్దలకు రోజునకు 600 యూనిట్లు, 60 ఏండ్లు దాటినవారికి 800 యూనిట్లు కావలెనని నిర్ణయించినది. ఈ లెక్కన పాలవలననే అంతయు పొందవలెనన్నచో రెండు లీటర్లకు పైగా త్రాగవలసి యుండును. కావున ఆహారము తోడ్పాటే గాని, చాలినంత కాదు.

కాల్షియము విషయము అట్లు కాదు. అది వంటయింటనే సమకూరును. ముట్లుడిగిన స్త్రీకి రోజునకు 1,200 మిల్లీగ్రాముల కాల్షియము కావలెనని పై మండలి నిర్ణయము. ఒక దినమున పాలు 200 మిల్లీలీటర్లు, పెరుగు అంతే తీసికొన్నచో ఒక్కొక్కదానివలన సుమారు 240 మిల్లీగ్రాములు లభించును. 60 గ్రాముల రాగిపిండితో జావయో, సంకటియో చేసికొన్నచో 210. మునగాకు 50 గ్రాములవలన 150. నువ్వులు 10 గ్రాములవలన 120. ఇంతవరకు 960. తక్కిన కొఱతలో అధికభాగము పప్పులు, కరివేపాకు పొడి, అవిసె ఆకు, కాయగూరలు తీర్చును. మాంసాహారులు ముల్లుతో తినదగిన చిన్నచేపలు తిన్నచో సులభముగ పూర్తియగును. పాలకూరలో కాల్షియమున్నను, అందలి ఆక్సలేటు దానిని ప్రేగులు పీల్చుకొననీయదు. అందుచేత ఎముకల కొఱకు దానిపై ఆధారపడరాదు. ఉప్పు మితిమీరి తిన్నచో కాల్షియము మూత్రముతో పోవును; ఊరగాయలు, అప్పడములు, ఎండుచేపలు ఈ దృష్టితో మితముగ వాడవలెను.

తాంబూలములోని సున్నము ఎముకలకు బలమను నమ్మకము కొందరికి కలదు. సున్నమున కాల్షియమున్న మాట నిజమే. కాని వక్క నోటి క్యాన్సరును కలిగించునని నిర్ధారణ యైనది. పొగాకు చేరినచో అపాయము మరింత అధికము. ఎముకల కొఱకు తాంబూలము నమలుట తగదు.

మాత్రలు ఎవరికి ప్రయోజనకరము?

విటమిన్ ‘డి’ మాత్రలు ముట్లుడిగిన స్త్రీలందఱికి ఎముకలు విరుగకుండ కాపాడునని ఒకప్పుడు తలచిరి. పెద్ద పరిశోధనలు ఈ తలంపును సవరించినవి.

1992లో ఫ్రాన్సులో ప్రకటింపబడిన పరిశోధనలో వృద్ధాశ్రమములందు నివసించు 3,270 మంది వృద్ధస్త్రీలను పరీక్షించిరి. వారు ఎండ యెరుగనివారు, విటమిన్ లోపము గలవారు. వారిలో సగముమందికి రోజునకు 800 యూనిట్ల విటమిన్ ‘డి’, 1,200 మిల్లీగ్రాముల కాల్షియము ఇయ్యగా, ఏడాదిన్నరలో తుంటి విరుగుటలు నూటికి 43 పాళ్లు తగ్గినవి. 2006లో అమెరికాలో వెలువడిన పరిశోధన 36,282 మంది ముట్లుడిగిన స్త్రీలపై సుమారు ఏడేండ్లు సాగినది. వారు సామాన్య ఆరోగ్యవంతులు. 400 యూనిట్ల విటమిన్ ‘డి’, 1,000 మిల్లీగ్రాముల కాల్షియము పొందినవారికి తుంటి సాంద్రత స్వల్పముగ మెరుగుపడినది. తుంటి విరుగుటలు మాత్రము చెప్పుకొనదగినంత తగ్గలేదు. మూత్రపిండములలో రాళ్లు నూటికి 17 పాళ్లు పెరిగినవి. 2022లో అమెరికాలోనే 25,871 మంది స్త్రీపురుషులపై వెలువడిన పరిశోధనలో రోజునకు 2,000 యూనిట్లు ఇచ్చినను ఎముకలు విరుగుట తగ్గలేదు. వీరిలో అధికులకు మొదటనే చాలినంత విటమిన్ ఉన్నది.

ఈ మూటిని కలిపి చూచినచో సారాంశము స్పష్టము. ఎండిన పైరునకు నీరు ప్రాణము. తడిసిన చేలో మరల నీరు పెట్టినచో ఫలమేమి? లోపమున్నవారికి విటమిన్ ‘డి’ ఔషధము. లోపము లేనివారికి అదనపు మాత్రలవలన అదనపు బలము రాదు. భారత స్త్రీలలో లోపము విస్తారముగ నున్నందున ఇచ్చట అక్కరగలవారు పెక్కుమంది యుందురు. అయినను ఒక్కొక్కరికి అక్కర ఉన్నదో లేదో వైద్యుడు నిర్ణయింపవలెను.

మాత్రలు ముఖ్యముగ ఎవరికనగా: ఇల్లు కదలలేని వృద్ధురాండ్రకు, పరీక్షలో లోపము తేలినవారికి, ఎముకలు మెత్తబడినవారికి, చిన్న దెబ్బకే ఎముక విరిగినవారికి, ఎముక గుల్లబారినందులకు అలెండ్రోనేట్ వంటి మందులు వాడుచున్నవారికి. ఈ కడపటివారు మాత్రము ఒక విషయము మరువరాదు. విటమిన్ ‘డి’, కాల్షియము ఆ మందులకు తోడేగాని, వాటికి బదులు కావు. డెక్సా పరీక్షలో ఎముక గుల్లబారినట్లు తేలినవారు కేవలము కాల్షియము మాత్రలతో తృప్తిపడి అసలు మందును మానరాదు.

విటమిన్ ‘డి’ కొవ్వులో కరగునది. అందుచేత భోజనానంతరము వేసికొనుట మేలు. కాల్షియము ఒక్కసారికి 500 మిల్లీగ్రాములు మించరాదు, మించినది ఒంటబట్టదు. థైరాయిడ్ మాత్రకును కాల్షియము మాత్రకును నడుమ నాలుగు గంటల వ్యవధి యుండవలెను.

మితిమీరిన అపాయము

మందుల దుకాణములలో 60,000 యూనిట్ల విటమిన్ ‘డి’ పొట్లములు, మాత్రలు విరివిగ దొరకును. లోపము గలవారికి వైద్యులు వీటిని వారమునకు ఒక్కటి చొప్పున, సాధారణముగ ఎనిమిది వారములు వ్రాయుదురు. ఇచ్చటనే పెద్ద పొరపాట్లు జరుగుచున్నవి. వారమునకొకటి యని చెప్పినది రోజునకొకటి యని గ్రహించువారు కొందరు. ఎనిమిది వారములు కాగానే ఆపక, నీరసము తగ్గినదని ఏండ్లతరబడి కొని మ్రింగువారు కొందరు. తనకు వ్రాసిన చీటీని ఇరుగుపొరుగు స్త్రీకి ఇచ్చువారు మరికొందరు.

లెక్క చూచినచో ఈ పొరపాటు ఎంతటిదో తెలియును. పెద్దలు వైద్యుని పర్యవేక్షణ లేక దీర్ఘకాలము తీసికొనదగిన గరిష్ఠపరిమితి రోజునకు 4,000 యూనిట్లు. రోజునకొక 60,000 యూనిట్ల పొట్లమనగా ఆ పరిమితికి 15 రెట్లు. విటమిన్ ‘సి’ వలె ఇది మూత్రముతో వెడలిపోదు. కొవ్వులో నిలువ చేరును. రక్తములో కాల్షియము పెరిగి ఆకలి మందగించును; వాంతులు, మలబద్ధము, అతిదాహము, అతిమూత్రము కలుగును; మనస్సు మొద్దుబారును; మూత్రపిండములు చెడును. ఈ లక్షణములను ముసలితనమునకో, మధుమేహమునకో ఆరోపించి అదే మాత్రను ఇంకను వేసికొనిన ప్రాణాపాయమే.

ఒకేసారి గంపెడు మోతాదు కూడ మేలు చేయదు. ఆస్ట్రేలియాలో 70 ఏండ్లు దాటిన 2,256 మంది స్త్రీలపై జరిగిన పరిశోధనలో, సగముమందికి ఏడాదికొకమారు 5,00,000 యూనిట్లు ఇచ్చిరి. 2010లో ఫలితములు వెలువడినప్పుడు, మాత్ర పొందినవారే ఎక్కువగ పడినట్లును, వారి యెముకలే ఎక్కువగ విరిగినట్లును తేలినది. అనుదినము కొద్దిగ తీసికొనుటయే సురక్షిత మార్గము.

మూత్రపిండములలో రాళ్లున్నవారు, మూత్రపిండ వ్యాధి గలవారు, క్షయరోగులు, పారాథైరాయిడ్ వ్యాధి గలవారు, గుండెకు డిజాక్సిన్ వాడువారు వైద్యుని అనుమతి లేక విటమిన్ ‘డి’ గాని, కాల్షియము గాని వాడరాదు.

పడకుండ ఉండుట

ఎముక ఎంత గుల్లబారినను, మనిషి పడనిచో తుంటి విరుగుట అరుదు. అందుచేత ఇంటిని చక్కబెట్టుట గూడ ఎముకల చికిత్సలో భాగమే. స్నానపు గదిలో నాచు, సబ్బునీరు నిలువనీయరాదు. గోడకు పట్టుకొనుటకు కడ్డీ బిగింపవలెను. రాత్రి మరుగుదొడ్డికి పోవు దారిలో దీపముండవలెను. చీర కుచ్చెళ్లు కాలికి తగులకుండ కట్టుకొనవలెను. అరిగిన చెప్పులు మానవలెను. కంటి శుక్లములు ముదిరినచో శస్త్రచికిత్స చేయించుకొనవలెను. నిద్రమాత్రలు, రక్తపోటు మాత్రలు తూలుట కలిగించుచున్నచో వైద్యునికి తెలుపవలెను.

పనిలేని యెముక బలహీనపడును. రోజునకు అరగంట చురుకుగ నడచుట, మెట్లెక్కి దిగుట, కుర్చీనుండి చేతులు ఆన్చక పదిమార్లు లేచి కూర్చుండుట ఎముకలకును, కండరములకును మేలు. వెన్నుపూసలు గుల్లబారినవారు మాత్రము ముందుకు వంగి బరువులెత్తరాదు. పొగాకు, మద్యము ఎముకల నిలువను తరుగజేయును.

జ్ఞాపకముంచుకొనవలసినవి

1. ముట్లుడిగిన మొదటి కొన్ని యేండ్లలో ఎముక వేగముగ తరుగును. అండాశయములు తొలగింపబడినవారు వయస్సుతో నిమిత్తము లేక జాగ్రత్తపడవలెను.

2. నీడ పొట్టిగ నున్నప్పటి యెండ సుమారు అరగంట, వేసవిలో తక్కువ.

3. దినమునకు 1,200 మిల్లీగ్రాముల కాల్షియము. పాలు, పెరుగు, రాగులు, మునగాకు, నువ్వులు, చిన్నచేపలవలన.

4. విటమిన్ ‘డి’ దినమునకు 600 యూనిట్లు. 60 ఏండ్లు దాటినచో 800.

5. 60,000 యూనిట్ల మాత్ర వైద్యుడు చెప్పిన వారములకే. రోజూ వేసికొనరాదు; ఇతరులకు ఇయ్యరాదు.

6. నిలుచున్న చోట పడి ఎముక విరిగినచో కట్టు కట్టించుకొని ఊరకుండరాదు; ఎముకల సాంద్రతను పరీక్ష చేయించుకొనవలెను.

ఇంటిలో అందఱకు వడ్డించి, మిగిలినది తాను తిను ఇల్లాలే చివరకు పాలు, పెరుగు లేని విస్తరి ముందు కూర్చుండును. కోడలైనప్పుడు ఆమెకు దొరకని గ్లాసెడు పాలు అత్తయైన పిమ్మటనైన దొరకవలెను. ఆ గ్లాసు ఆమె చేతికందించుట, మిట్టమధ్యాహ్నపు పని ఒత్తిడిలో ఆమెకొక అరగంట ఎండలో కూర్చుండు తీరిక కల్పించుట, వాకిలి బండపై నాచు గీకివేయుట ఇంటివారందఱి బాధ్యత. ఇవి యన్నియు అల్పవ్యయముతో కూడినవే. తుంటి విరిగిన పిమ్మట ఆ కుటుంబము భరించు వ్యయముతోను, ఆమె భరించు బాధతోను పోల్చినచో ఇవి వ్యయములే కావు.